రెడ్వాల్డు మాస్టారు

మొన్న సంతలో పకోడీలు కొంటే, పొట్లం కట్టిన పేపరు ముక్కలోంచి ఒక రాజు బయటపడ్డాడు. రాజంటే రాజు కూడా కాదు, రాజుగారి ఓడ. ఇంగ్లండులో ఎక్కడో సముద్రానికి దగ్గర్లో ఒక మట్టిదిబ్బ తవ్వితే లోపల ఓడకు ఓడే ఉందట. కత్తి, డాలు, ఇనప టోపీ, వెండి పళ్ళేలు, బంగారపు నగలు, అన్నీ ఉన్నాయట. రాజు మాత్రం లేడట. ఎముక ముక్కయినా దొరకలేదట. అదంతా రెడ్వాల్డనే పాతకాలపు రాజుది కావచ్చునని అక్కడి పండితులు అనుకుంటున్నారట. ఆపైన అంతా నూనె మరక.

పకోడీలు జేబులో పోసుకుని, ఆ కాగితం పట్టుకుని మాస్టారింటికి పరిగెత్తాను. రైలు గేటు దాటాక గుర్తొచ్చింది, మాస్టారు పోయి మూడు నెలలైందని. గేటు పక్కనే నిలబడి, ఆయన ఉంటే ఏమనేవారో నేనే అనుకున్నాను. "సామానంతా ఉంచి మనిషొక్కడే మాయమయ్యాడంటే ఏంది అర్థం? ఇంటావిడ పిలిచుంటుందిరా!"

నరసరావుపేటలో ఆయన్ని అందరూ రెడ్వాల్డు మాస్టారనే అనేవాళ్ళు. అసలు పేరు పోస్టుమానుకు తెలుసు. చరిత్ర చెప్పేవారు. పొట్టి మనిషి. పంచె మీద నల్లకోటు, కోటు జేబులో నశ్యం డబ్బా, చేతిలో గొడుగు. ఆ గొడుగు వానకు తెరిచింది నేనెప్పుడూ చూడలేదు. అది కత్తి. దాన్ని దూసి బోర్డు మీద ఇంగ్లండు పటాన్ని పొడుస్తూ పాఠం చెప్పేవారు. ఆ పొడుపులకు స్కాట్లండు ప్రాంతంలో బోర్డుకు చిల్లి పడింది.

ఇంగ్లండు చరిత్ర పుస్తకంలో రెడ్వాల్డుకి దక్కింది ఒకే ఒక్క వాక్యం. మా క్లాసులో మాత్రం దసరా సెలవులయ్యాక మొదలుపెడితే చలి వదిలేదాకా ఆయనే రాజు.

"ఒరేయ్, కెంటు అంటే మన గుంటూరనుకోండి. రెడ్వాల్డుది మాచర్లనుకోండి. గుంటూర్లో పెద్ద రాజున్నాడు, ఆయన కిరస్తానంలో కలిశాడు. మనోడు ఏదో పనుండి గుంటూరెళ్ళాడు. పెద్దాయన అడిగితే మొహమాటం. సరే కానీమని నీళ్ళలో మునిగి, బాప్తిస్మం పుచ్చుకుని, మాచర్ల రైలెక్కాడు. ఇంటికొచ్చాడు. ఏమైంది?"

మేమంతా ఒక్క గొంతుతో, "ఇంటావిడ గుమ్మంలోనే ఆపేసిందండీ!"

"ఏమంది?"

"మన దేవుళ్ళు నీకేం అపకారం చేశారయ్యా అందండీ!"

"మరి మనోడేం చేశాడు?"

"ఒకే గుళ్ళో రెండు పీఠాలు పెట్టాడండీ! ఒకటి కొత్త దేవుడికీ, ఒకటి పాత దేవుళ్ళకీ!"

"అలాంటోణ్ణి పిరికోడంటార్రా, తెలివైనోడంటార్రా?"

వెనక బెంచీలోంచి నేను, "పెళ్ళైనోడంటారండీ" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, నా దగ్గరిదాకా వచ్చి, నశ్యం డబ్బా తీసి ఒక పట్టు పీల్చి, "నీకు చరిత్ర వచ్చురా" అన్నారు. నాకొచ్చిన ఏకైక సర్టిఫికెట్ అదే. ఆ ఏడు పరీక్షలో అడిగిన ప్రతి ప్రశ్నకూ రెడ్వాల్డునే జవాబుగా రాసి, ఫోర్తు ఫారంతో చదువు ముగించాను. మా నాన్న స్కూలు గోడ పక్కనే సోడా కొట్టు పెట్టించాడు. కిటికీలోంచి అదే పాఠం ఏటా వినపడేది. స్కూలు జీతం కట్టకుండా అంత చదువు చదివినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

మాస్టారింట్లోనూ ఆ రెండు పీఠాల గుడి ఒకటుండేది. ముందుగదిలో గోడకి ఒకటే అద్దాల ఫ్రేము. దానికి ఒకవైపు చక్రవర్తిగారి పటం, వెనకవైపు మహాత్ముడి పటం. దారానికి వేలాడదీసి ఉంటుంది కనక, గొడుగు కొసతో ఇలా అంటే అలా తిరుగుతుంది. స్కూలు సర్కారుది, మనసు మహాత్ముడిది. ఎవరినీ నొప్పించకుండా ఉండాలంటే ఆయనకు తోచిన దారి అది. పటం తిప్పే పని మాత్రం అమ్మగారిది. అమ్మగారంటే మాస్టారి భార్య. వంటింట్లో కూర తరుగుతూనే వీధిలోకి చెవి పెట్టేది.

"చెప్పుల చప్పుడైతే ఈయన, బూట్ల చప్పుడైతే ఆయన" అనేది. "ఇందులో చదువేముందిరా?"

అప్పటిదాకా ఆవిడ లెక్క తప్పింది నేను చూడగా ఒక్కసారే. ఖద్దరు కట్టిన పెద్దమనిషి ఒకాయన చందాకి వస్తూ, కాలికి దెబ్బ తగిలిందని ఎవరివో బూట్లు వేసుకొచ్చాడు. ఆయన కూర్చున్నంతసేపూ మాస్టారు చక్రవర్తికి అడ్డంగా గోడకానుకుని నిలబడ్డారు. "కూచోండి మాస్టారూ" అంటే, "నించుంటేనే నాకు నడుం హాయి" అన్నారు. అమ్మగారు తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకుంది.

క్విట్ ఇండియా అని ఊళ్ళో తంతితీగలు తెంపే రోజులొచ్చాయి. వినుకొండలో బస్సుల షెడ్డులో మెకానిక్కుగా ఉండే ఖాశిం అనే కుర్రాడు తీగలు తెంపి, పోలీసుల కళ్ళబడి, తప్పించుకుని, పొలాలకడ్డంబడి మాస్టారింటికొచ్చాడు. పూర్వం మా క్లాసులోనే చదివాడు. మాస్టారు వాణ్ణి చూసి వీధి తలుపు వేశారు, తీశారు, మళ్ళీ వేశారు. అమ్మగారు మాత్రం, "ఎప్పుడు తిన్నావు నాయనా?" అంది. వాడు వేళ్ళ మీద లెక్కపెట్టబోయాడు. కంచం పెట్టింది. అంతటితో వాడు ఆ ఇంటివాడైపోయాడు.

రెండ్రోజులకు బూట్ల చప్పుడు వినిపించింది. అమ్మగారు చక్రవర్తిని ముందుకు తిప్పింది. వచ్చినవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు. గురజాల వైపు మనిషి, మీసాలు పెద్దవి, మాట మెత్తన. సోడాలు పట్టుకెళ్ళింది నేనే కనక అంతా విన్నాను.

"మాస్టారూ, హెడ్‌మాస్టరు పోస్టు ఖాళీ అవుతా ఉందంట. మీకే రావాలి న్యాయంగా. మా దొర ఒక్క మాటంటే అయిపోద్ది."

మాస్టారు నశ్యం తీశారు.

"ఆ వినుకొండ కుర్రాడు మీ శిష్యుడేనంటగా? వాడెక్కడున్నాడో మీకు తెలియకుండా ఉండదు. చెబితే పోస్టు. చెప్పలేదనుకోండి, నేను చానా బాధపడతా. ఈ వయసులో ఉద్యోగం పోతే ఎట్టా బతుకుతారని ఇంటికెళ్ళి అన్నం కూడా తినలేను."

మాస్టారికి పిల్లల్లేరు, పొలం లేదు. ఉన్నది ఆ ఉద్యోగం, ఆ గొడుగు. తుమ్మబోయి ఆగిపోయిన మొహంతో, "స్కూల్లో నాటకం వేస్తున్నామండి. అది కానీయండి. అయ్యాక చెబుతాను" అన్నారు.

"నాటకానికి నేనూ వస్తా" అని సర్కిల్ లేచాడు.

అతను వెళ్ళాక అమ్మగారు వంటింట్లోంచి బయటికి రాలేదు. గిన్నెలు మాత్రం ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి.

ఇంతకీ ఆ నాటకం రెడ్వాల్డు చరిత్రే. మాస్టారే రాశారు, మాస్టారే రెడ్వాల్డు. కథ ఇది: ఎడ్విన్ అనే కుర్రరాజు రాజ్యం పోగొట్టుకుని, దేశాలు పట్టి తిరిగి, రెడ్వాల్డు పంచన చేరాడు. రాజ్యం లాక్కున్న ఎథెల్ఫ్రిత్ దూతల్ని పంపాడు. వాణ్ణి చంపినా సరే, అప్పగించినా సరే, బంగారమిస్తాను. కాదంటే యుద్ధానికొస్తాను అని. రెడ్వాల్డు ఊగాడు, ఊగాడు, చివరికి సరేనన్నాడు. అప్పుడు రాణి, నమ్మి వచ్చినవాణ్ణి బంగారానికి అమ్ముకోవడం రాజు చేసే పని కాదని గడ్డి పెట్టింది. రెడ్వాల్డు సిగ్గుపడి, సైన్యం తీసుకెళ్ళి, ఐడిల్ అనే ఏటి ఒడ్డున ఎథెల్ఫ్రిత్‌ని చంపాడు. ఆ యుద్ధంలో రెడ్వాల్డు కొడుకు పోయాడు. ఎడ్విన్‌కు రాజ్యం వచ్చింది. "ఐడిల్ అంటే మన నాగులేరంత ఉంటుందిరా" అని మాస్టారు ప్రతి ఏడూ చెప్పేవారు. ఆయనా చూడలేదు, మేమూ చూడలేదు, కనక గొడవలేదు.

రాణి వేషానికి స్కూలు కుర్రాళ్ళు ఒక్కడూ ఒప్పుకోలేదు. నాకింకా మీసం సరిగా రాలేదు, పైగా స్కూలు మానేసినవాణ్ణి కనక ఎగతాళి చేసేవాళ్ళు లేరు. అమ్మగారి పట్టుచీర కట్టించారు. అప్పట్నుంచి నన్ను చివరిదాకా "ఒరేయ్ రాణీ" అనే పిలిచారు. నా పెళ్ళిలో కూడా.

ఎడ్విన్ వేషం మొదట కిరాణా కొట్టు శెట్టిగారబ్బాయిది. తీరా నాటకం రేపనగా శెట్టిగారొచ్చి, "దిక్కులేనోడి వేషం మావోడికా? రాజు వేషమైతే చందా ఇస్తా, కొబ్బరికాయలు కూడా ఇస్తా" అన్నాడు. రాజు వేషం మాస్టారిది. శెట్టిగారబ్బాయికి రాజుకొడుకు వేషమిచ్చి, చందా పుచ్చుకున్నారు. ఎడ్విన్ లేకుండా పోయాడు.

అమ్మగారు అప్పుడు నోరు విప్పింది. "ఇంట్లో దిక్కులేనోడు ఒకడున్నాడుగా."

"వాణ్ణా? స్టేజీ మీదా? సర్కిల్ ముందు వరసలో కూచుంటాడే!"

"గడ్డం పెట్టండి. అన్ని గడ్డాల మధ్య ఒక గడ్డం ఎవడిక్కావాలి? ఇంట్లో ఉంటే రేపో మాపో దొరుకుతాడు."

జనపనారతో ఖాశింకు గడ్డం కట్టారు. ఆ గడ్డంతో వాడు నిజంగా రాజులా ఉన్నాడు. మాస్టారు మాత్రం బస్తా కట్టుకున్నట్టుండేవారు.

కిరసనాయిలు రేషను కనక నాటకం ఎండ తగ్గగానే మొదలుపెట్టాం. హార్మోనియం ఆయన రాలేదు. కారెంపూడి నుంచి పంబ వాయించేవాళ్ళను పిలిపించారు. వాళ్ళు వీరుల కొలుపుల్లో పంబ కొట్టి, పల్నాటి వీరుల కథ చెప్పేవాళ్ళు. వాళ్ళ పెద్దాయన మాస్టారిని ఒకటే అడిగాడు. "యుద్ధం ఎక్కడయ్యా?"

"ఏటి ఒడ్డున."

"ఎవరైనా పోతారా?"

"రాజుకొడుకు పోతాడు."

"ఇంక మాకొదిలెయ్యి."

తెర వెనక మాస్టారు చెమటలు కక్కుతూ నా చెయ్యి పట్టుకున్నారు. "ఒరేయ్ రాణీ, ఈ పూట నేనేమంటానో నాకే తెలీదురా." నేను వేళాకోళమనుకున్నాను. పుస్తకంలో ఉన్న మాటలేగా అనాల్సింది!

దూతల సీను వచ్చింది. శత్రురాజు దూత బంగారం మూట చూపించాడు, కత్తి చూపించాడు. మాస్టారు లేచారు. చూపు దూత మీద లేదు, ముందు వరసలో మీసం దువ్వుకుంటున్న సర్కిల్ మీదుంది. "మీకు కావలసినవాడు..." అని ఆగారు. ఎడ్విన్ భుజం మీద చెయ్యి వేశారు.  "మీకు కావలసినవాడు ఇక్కడే..." మళ్ళీ ఆగారు. ఈ మాటలు పుస్తకంలో లేవు. గడ్డం వెనక ఖాశిం కళ్ళు మూసుకున్నాడు.

నేనందుకోవాలి. నా మాటే రావాలి. సరిగ్గా అప్పుడే కుచ్చిళ్ళు జారాయి. రెండు చేతులతో చీర పట్టుకునేసరికి మాట ఎటో పోయింది.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"ఏమయ్యో! ఇంటికొచ్చి అన్నం తిన్నోణ్ణి అమ్ముకుంటావా? రాజువా, సంతలో బేరగాడివా?"

అమ్మగారు నిలబడి ఉంది. మొగుణ్ణి పదిమందిలో అంత మాట అన్నది ఆవిడ జీవితంలో అదొక్కసారే. జనం అది నాటకంలోదే అనుకుని చప్పట్లు కొట్టారు. సర్కిల్ కూడా కొట్టాడు.

మాస్టారు ఆవిడ వైపు చూశారు. ఆయన వీపు ఒక్కసారిగా నిటారైంది. పొట్టి మనిషి అంత ఎత్తు ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. కత్తి దూశారు. "అప్పగించను! మీ రాజుతో చెప్పుకో! ఉద్యో... రాజ్యం పోతే పోనీ!"

కత్తి దూయడమే తరువాయిగా పంబ మోగింది.

వాళ్ళకు తెలిసిన యుద్ధం ఒకటే, నాగులేటి ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధం. ఆ దెబ్బకు ముందు పిల్లలు లేచారు, తర్వాత పెద్దలు లేచారు. స్టేజీ మీద శెట్టిగారబ్బాయి పొడిపించుకుని పడేసరికి, ఆడవాళ్ళలో ఒక ముసలావిడకు పూనకం వచ్చింది. పల్నాటిలో పంబ మోగి, ఏటి ఒడ్డున కుర్రవాడు కత్తి పట్టుకుని పడ్డాడంటే వాడు వీరుడే. ఏ దేశపువాడని ఎవరడుగుతారు? శెట్టిగారి కొబ్బరికాయలు పగిలాయి. కర్పూరం ఎవరు తెచ్చారో తెలియదు. చెక్క కత్తులకు పసుపు పూశారు, కుంకం పెట్టారు. ఇంగ్లండు రాజుగారి సైన్యం మొత్తానికి హారతిచ్చారు.

సర్కిల్ సంగతి చూద్దును కదా, బూట్లు విప్పేశాడు. గురజాల రక్తం, ఎక్కడికి పోద్ది! చేతులు జోడించి, జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కి, అందరికంటే ఎత్తుగా, గంభీరంగా ఉన్న గడ్డం ముందు నిలబడ్డాడు. ఖాశిం కత్తిని రెండు కళ్ళకూ అద్దుకున్నాడు.

"తండ్రీ, నాకు గుంటూరు బదిలీ ఎప్పుడయిద్ది?"

ఖాశిం గొంతు లావు చేశాడు. "కదలకుండా కూచుంటే వచ్చుద్ది."

సర్కిల్ అక్కడే, నేల మీద కూచున్నాడు. కత్తుల ఊరేగింపు కారెంపూడి దారి పట్టింది. అందులో గడ్డాలన్నీ వెళ్ళాయి. పొద్దు గూకేసరికి తిరిగొచ్చిన వాటిలో ఒక గడ్డం తగ్గింది. వాడు కృష్ణ దాటి నైజాం ఇలాకాలోకి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.

మర్నాడు మాస్టారింట్లో అందరిదీ ఒకటే లెక్క. సర్కిల్ రావడం ఖాయం, ఉద్యోగం పోవడం ఖాయం. అమ్మగారు బూట్ల చప్పుడు కోసం చెవి రిక్కించి కూచుంది. వీధిలో కిర్రు చెప్పుల చప్పుడైంది. హమ్మయ్యనుకుని పటం తిప్పేసింది.

వచ్చినవాడు సర్కిలే. ఆ తొక్కిసలాటలో అతని బూట్లు పోయాయి.

అతను మహాత్ముణ్ణి చూశాడు. తన చెప్పులు చూసుకున్నాడు. నుదుటి మీద నిన్నటి కుంకం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ గడ్డమెవరిదో పొద్దున్నకల్లా అతనికి తెలిసిపోయినట్టుంది. తెలిసినా ఎవరికి చెబుతాడు? తీగలు తెంపినవాడికి దండం పెట్టి బదిలీ అడిగానని దొరకు రాస్తాడా?

"మాస్టారూ, నిన్న నేను నాటకానికి రాలేదు."

"రాలేదండి" అన్నారు మాస్టారు.

"బూట్లు దొరికితే..."

"పంపిస్తానండి."

గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "ఆడమనిషి వేషం ఎవరో గాని, మాట భలే కొట్టిందండీ" అన్నాడు. నేను అక్కడే సోడాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ మెప్పు నాది కాకపోయినా తలొంచి పుచ్చుకున్నాను. అమ్మగారు నాకేసి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

హెడ్‌మాస్టరు పోస్టు వేరే ఆయనకు వెళ్ళింది. మాస్టారు పాత కోటుతోనే, పాత గొడుగుతోనే రిటైరయ్యారు. పాఠం మాత్రం కొంచెం మారింది. నా కొట్టు కిటికీలోంచి వినేవాణ్ణి కనక నాకు తెలుసు. ఇదివరకు యుద్ధం దగ్గర గొడుగు దూసేవారు. ఆ ఏడాది నుంచి రాణి దగ్గర ఆగేవారు. "ఏనుగంత రాజుని నిలబెట్టిందిరా ఆ ఆడమనిషి. రాజు పేరు రాశారు, శత్రువు పేరు రాశారు, ఏటి పేరు కూడా రాశారు. ఆవిడ పేరు ఒక్కడూ రాయలేదు! వెధవలు!" అని బల్ల మీద గుద్దేవారు. నశ్యం డబ్బా ఎగిరి కింద పడేది. క్లాసంతా తుమ్మేది.

ఆయన పోయినప్పుడు ఖాశిం లారీ వేసుకుని వచ్చాడు. ఎడ్విన్‌కు రాజ్యం వస్తే వీడికి పాత లారీ వచ్చింది. పాడె ఒక కొమ్ము పట్టాడు.

ఇదంతా రైలు గేటు దగ్గర తలుచుకుని, సరే, మాస్టారు లేకపోతే అమ్మగారున్నారు కదా అని ఆ ఇంటికే వెళ్ళాను. నా చెప్పుల చప్పుడు విని, "ఎవరూ, రాణేనా?" అంది. గోడ మీద ఫ్రేములో ఇప్పుడు చక్రవర్తి లేడు. ఆ వైపున మా నాటకం ఫొటో పెట్టారు. మధ్యలో మాస్టారు కత్తితో, పక్కన పట్టుచీరలో నేను.

కాగితం చదివి వినిపించాను. ఓడ, కత్తి, డాలు, నగలు.

"రాణి సంగతేమైనా రాశారా?" అంది.

"లేదమ్మగారూ. నూనె మరక కింద ఉందేమో తెలీదు."

"ఉండదులే" అని పకోడీ ఒకటి తీసుకుంది.

మాస్టారి గురించి నాలుగు మాటలు రాద్దామనుకుంటున్నానని చెప్పి, అప్పుడు ఆగిపోయాను. ఇన్నేళ్ళు ఆవిడ చీర కట్టాను, ఆవిడ మాటకు మెప్పు కొట్టేశాను, ఆవిడ అన్నం తిన్నాను. పేరు తెలియదు.

"అమ్మగారూ, మీ పేరేందండీ?"

ఆవిడ నమలడం ఆపింది. "ఇప్పుడడిగావా? రాణి పేరు రాయలేదని మీ మాస్టారు బల్లలు విరగ్గొట్టాడు కదా. రేషను కార్డుకి గుమాస్తా వచ్చి ఇంట్లో ఎవరెవరున్నారంటే, తన పేరు పొడుగ్గా చెప్పి, నా దగ్గరకొచ్చేసరికి 'భార్య' అని రాయించాడయ్యా మహానుభావుడు!"

నవ్వీ నవ్వీ ఆవిడకు కళ్ళ నీళ్ళొచ్చాయి. నవ్వు ఆగాక కూడా కాసేపు కొంగుతో తుడుచుకుంటూనే ఉంది. తర్వాత పేరు చెప్పింది. మంచి పేరు.

"రాయమంటారా అమ్మగారూ?"

"ఛ, బజార్న పడాలా నా పేరు? వద్దు."

"మాస్టారి పేరు?"

ఆవిడ ఫొటో వంక చూసింది. "రాస్తే ఇద్దరిదీ రాయి. లేదా ఇద్దరిదీ మానెయ్."

మానేశాను.